తుఫానుకి కరెంటు పోయినప్పుడు ఎవరిని ఏమడగాలి

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఇరవై రెండేళ్లుగా పిండి రుబ్బి అమ్ముతున్నాను. నాలుగు గ్రైండర్లు, రెండు పెద్ద ఫ్రిజ్‌లు. గాలివాన వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున్నే నా కొట్టు ముందు పార్టీల గొడవ మొదలవుతుంది. "మీ వాళ్ల హయాంలో తీగలు పట్టించుకోలేదు" అని ఒకరు, "మీ వాళ్లు వచ్చాక కరెంటే కొనడం లేదు" అని ఇంకొకరు. ఒకరు తీగ గురించి మాట్లాడుతుంటే మరొకరు కరెంటు కొనుగోలు గురించి మాట్లాడుతున్నారు. అది తెలిస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది, మిగిలిన సగం పనికొస్తుంది. అందుకే నేను నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు కరెంటు ఎక్కడ ఆగిందో కనుక్కోండి. మనకి పరవాడలో సింహాద్రి కరెంటు ప్లాంటు ఉంది, 2000 మెగావాట్లు. పాలవలసలో హిందుజా ప్లాంటు ఉంది. అక్కడ పుట్టిన కరెంటు పెద్ద టవర్ల మీదుగా సబ్‌స్టేషన్లకి, అక్కడి నుంచి 33 కేవీ, 11 కేవీ లైన్లలో మన పేటకి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికి వస్తుంది. ప్లాంటు, టవర్, వీధి స్తంభం. ఒక్కో చోటికి బాధ్యులు వేరు, మందు వేరు.

హుద్‌హుద్ తుఫాను నాకు ఇది నేర్పింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. శనివారం రాత్రే అరవై కిలోల పిండి రుబ్బి పెట్టాను, ఆదివారం ఇడ్లీల గిరాకీ ఎక్కువని. సోమవారం సాయంత్రానికి పిండి పొంగి స్టీలు డ్రమ్ముల మూతలు పైకి లేచాయి. ఫ్రిజ్ తలుపు తీస్తే పుల్లటి వాసన కళ్లకి తగిలింది. అంతా మా ఆయనా నేనూ బకెట్లతో మోసి పారబోశాం. మా వీధికి ఎనిమిదో రోజున కరెంటు వచ్చింది. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్ మా సందు చివర స్తంభం నిలబెడుతుంటే మంచినీళ్లు ఇచ్చాను. ఆ వారం ప్రభుత్వం ఎంత కరెంటు కొన్నా మా ఇంటికి చేరే దారే లేదు, ఎందుకంటే స్తంభాలు నేల మీద ఉన్నాయి. అలాంటి రోజున "ప్లాంట్లు కట్టలేదు" అని తిట్టుకుంటే ఏం లాభం?

గాలి తగ్గాక గుమ్మంలోంచే చూడండి. అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లకి ఉండి సగం ఇళ్లకి లేకపోతే చాలాసార్లు ఒక ఫేజ్, అంటే కరెంటు తెచ్చే మూడు తీగల్లో ఒకటి, పోయి ఉంటుంది. మీ సందుకే పోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు. పక్క వీధులకీ పోతే ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి మన పేటకి వచ్చే 11 కేవీ లైను. ఊరంతా చీకటైతే ఇంకా పైన ఏదో జరిగింది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి "కరెంటు ఎప్పుడొస్తుంది" అని అడిగితే "వస్తుందండి" అంటారు. అలా కాకుండా "ఫీడర్ ట్రిప్పయిందా, బ్రేక్‌డౌనా, ఎల్‌సీ తీసుకున్నారా?" అని అడగండి. ట్రిప్ అంటే లైను తనంతట తానే ఆగడం, బ్రేక్‌డౌన్ అంటే లైను దెబ్బతినడం. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. మనిషి స్తంభం మీద పనిచేస్తున్నాడు, అందుకే లైను ఆపించారు అని అర్థం. పోయిన టైము, వచ్చిన టైము, వాళ్లు చెప్పిన కారణం రాసి పెట్టుకోండి. నేను పాలపద్దు పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను. ఏడాది తర్వాత ఎవరితో మాట్లాడాలన్నా మీ చేతిలో ఉండేది ఆ పేజీలే.

ఇక్కడే ఒక మాట. తెగిపడిన తీగ కరెంటు లేనట్టు కనిపించినా దగ్గరికి వెళ్లకండి. జనరేటర్ ఉన్నవాళ్లు ఛేంజోవర్ స్విచ్ (బయటి లైనుని విడదీసి జనరేటర్‌కి మార్చే స్విచ్) లేకుండా ఇంటి వైరింగుకి కలపకండి. మీ కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్లి, ఎల్‌సీ ఉందన్న ధైర్యంతో స్తంభమెక్కిన మనిషి ప్రాణం తీస్తుంది. మా వీధిలో ఒకసారి ఇలాగే కలపబోతుంటే నేనే వెళ్లి ఆపించాను.

మా తమ్ముడు టెక్సాస్‌లో ప్లేనోలో ఉంటాడు. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు తుఫాను. "అక్కా, పిల్లలకి కోట్లేసి ఒకే గదిలో పడుకోబెట్టాం, పైపుల్లో నీళ్లు గడ్డకట్టాయి" అని ఫోన్ చేశాడు. నలభై అయిదు లక్షల ఇళ్లకి, షాపులకి కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు. ఇళ్లు ఇంకా చీకట్లో ఉండగానే గవర్నర్ గ్రెగ్ అబాట్ టీవీలో తప్పు గాలిమరలది, సోలార్‌ది అన్నారు. అవతలి పార్టీవాళ్లు గ్యాస్ కంపెనీలని, రాష్ట్రాన్ని అన్నారు. నెలల తర్వాత కేంద్ర సంస్థల విచారణ వచ్చింది. ఆగిన, తగ్గిన కరెంటు తయారీ యూనిట్లలో గ్యాస్‌తో నడిచేవే 58 శాతం. గాలిమరలూ గడ్డకట్టాయి, కానీ పెద్ద వాటా గ్యాస్‌దే. చలికి యంత్రాలని సిద్ధం చేయమని 2011 చలి తర్వాతే చెప్పారట, చేయలేదు. అంటే అక్కడ జబ్బు ప్లాంటులో, దానికి గ్యాస్ తెచ్చే దారిలో. ఇక్కడ హుద్‌హుద్‌కి తీగలో, స్తంభంలో. అక్కడి వాదన ఇక్కడికి తెచ్చుకుంటే దారి తప్పుతాం.

టెక్సాస్ గ్రిడ్, అంటే ప్లాంట్లనీ లైన్లనీ కలిపే వల, చాలావరకు విడిగా ఉంటుంది, అందుకే పక్క రాష్ట్రాల నుంచి కావలసినంత సాయం తెచ్చుకోలేకపోయింది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కూలినప్పుడు మన దక్షిణాది గ్రిడ్ ఇంకా దానితో పూర్తిగా కలవలేదు, అందుకే మనకి పోలేదు. 2013 డిసెంబరు 31న కలిపారు. కలిసుండటం మంచిదా, విడిగా ఉండటం మంచిదా అన్నదానికి పార్టీ జెండా చూసి జవాబు చెప్పలేం. నా మటుకు కలిసుండటమే మంచిది.

మన ఊళ్లో వినపడే వాదనల్లో మూడింటిని ఇలా తూచండి. "గాలి రాకముందే కరెంటు తీసేశారు" అన్నది తప్పు పట్టాల్సిన విషయం కాదు, తీగ తెగి పడేటప్పుడు అందులో కరెంటు లేకపోవడం ప్రాణాలు కాపాడుతుంది. అడగాల్సింది గాలి తగ్గాక ఎన్ని గంటలకి ఇచ్చారని. "చెట్లు నరుకుతున్నారు" అన్నప్పుడు కొమ్మలు వానాకాలం ముందు కొట్టారా, తుఫాను హెచ్చరిక వచ్చాక హడావిడిగా కొట్టారా అని చూడండి. ఇక భూగర్భ కేబుల్. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో మన నగరంలో వేయడం మొదలైంది. గాలికి అది మంచిదే. కానీ నీళ్లు చేరితే ఫాల్టు ఎక్కడుందో వెతకడానికే టైము పడుతుంది, తీగైతే కంటికి కనిపిస్తుంది. ఖర్చు కూడా ఎక్కువ. మాకూ వేయండి అని అడిగేవాళ్లు, బిల్లు పెరిగిందని తిట్టేవాళ్లు నా కొట్టు ముందు ఒకళ్లే అవుతుంటారు. రెండూ అడగొచ్చు, కానీ కలిపి అడగాలి.

మరి ఎక్కడ అడగాలి? మామూలు రోజుల్లో ఫ్యూజుకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి గడువులున్నాయి. దాటితే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంది. తుఫాను రోజులకి ఆ గడువులు వర్తించవు, కాబట్టి అక్కడ కుస్తీ పట్టకండి. తుఫానుకి ముందు ఏం చేశారన్నది అడగాల్సిన చోటు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ. డిస్కంలు, అంటే మన ఇళ్లకి కరెంటు పంచే కంపెనీలు, వచ్చే ఏడాది ఖర్చుల లెక్క నవంబరు ఆఖరుకల్లా మండలికి ఇవ్వాలి. పేపర్లో ప్రకటన వస్తుంది. ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, తెలుగులో రాయొచ్చు, లాయరు అక్కర్లేదు. విచారణలో లేచి మాట్లాడొచ్చు.

ఒకటి రెండు ప్రశ్నలు చాలు, ఏ పార్టీ పేరూ వద్దు. నేను రాసింది ఇది: "మా ఫీడర్ మీద గత మూడేళ్లలో గాలివానకి ఎన్నిసార్లు ఎన్ని గంటలు పోయింది? విపత్తు పనుల కింద మా పేటలో ఎన్ని స్తంభాలు మార్చారు, ఎన్ని మిగిలాయి?" కింద నా సర్వీసు నంబరు, పాలపద్దు పుస్తకంలోంచి తేదీలు. ఒక ప్రతి మండలికి, ఒక ప్రతి డిస్కంకి. మూడో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి, డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాల్సింది ఆ కాగితానికే.