జాయింట్ రిటర్న్ రిజెక్ట్ అయిందా? కోడ్ చూసి కారణం పట్టుకోండి

అమెరికాలో భార్యాభర్తలు కలిసి వేసిన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వెనక్కి వచ్చిందంటే, లెక్క తప్పినందుకు రావడం తక్కువ. కాగితం ఒకటే అయినా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇద్దరి పేర్లూ నంబర్లూ విడివిడిగా సరిచూస్తుంది, చిక్కంతా అక్కడే. గడువు చివర్లో రిజెక్ట్ అయినా కంగారు పడొద్దు. సరిచేసి మళ్లీ ఈ-ఫైల్ చేయడానికి 5 రోజులు, పేపర్ మీద పంపడానికి 10 రోజులు ఇస్తారు.

కోడ్ ఐఎన్‌డీ-031-04 లేదా ఐఎన్‌డీ-032-04

గత ఏడాది ఏజీఐ (కొన్ని మినహాయింపులు పోగా మిగిలిన మొత్తం ఆదాయం) కలవలేదని అర్థం. 031 అయితే రిటర్న్‌లో మొదటి పేరున్న వారిది, 032 అయితే రెండోవారిది. 1040 ఫారంలో (రిటర్న్ ఫారం ఇదే) 11వ లైన్ అంకె ఇది (2025 ఫారంలో 11ఏ). నిరుడు కూడా జాయింట్‌గానే వేసి ఉంటే దాన్ని సగం సగం పంచకండి, ఇద్దరి బాక్సుల్లోనూ మొత్తం అంకే వేయాలి. నిరుడు ఇండియాలో ఉండి అసలు రిటర్న్ వేయని భార్యకో భర్తకో 0 వేయండి, ఖాళీగా వదలొద్దు. నిరుటి రిటర్న్ ఇంకా ప్రాసెస్ కాకపోయినా 0నే. తర్వాత సవరణ వేసి ఉంటే, సవరించినది కాదు, మొదట వేసిన రిటర్న్‌లోని అంకె కావాలి.

కోడ్ ఆర్0000-503-02

రెండోవారి ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్), ఇంటిపేరు కలవడం లేదు. ఐఆర్‌ఎస్ చూసేది లాస్ట్ నేమ్‌లో మొదటి నాలుగు అక్షరాలే. మనవాళ్లకి ఇది తరచూ వచ్చే తంటా. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు టైప్ చేస్తారు, ఎస్‌ఎస్‌ఎన్ కార్డు మీద మాత్రం పుట్టింటి పేరే ఉంటుంది. లేదా ఇంటిపేరు ముందు రాసే అలవాటుకొద్దీ అది ఫస్ట్ నేమ్ గడిలో పడుతుంది. పాస్‌పోర్టునీ పెళ్లి సర్టిఫికెట్‌నీ పక్కన పెట్టి, కార్డు మీద ఎలా ఉంటే అలాగే టైప్ చేసి మళ్లీ పంపండి. పేరు మార్చుకోవాలంటే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఎస్‌ఎస్-5 ఫారంతో తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు.

హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న భార్యకి ఎస్‌ఎస్‌ఎన్ లేదు, సాఫ్ట్‌వేర్ ముందుకు పోనివ్వదు

మొదటిసారి ఈ-ఫైల్ కోసం కుస్తీ పట్టడం దండగ. ఐటిన్ (ఎస్‌ఎస్‌ఎన్ రానివారికి ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబర్) వచ్చేదాకా ఈ-ఫైల్ కుదరదు, ఆ ఐటిన్‌కి దరఖాస్తు రిటర్న్‌తో కలిపే పంపాలి. సాఫ్ట్‌వేర్‌లో పేపర్ ఫైలింగ్ ఎంచుకుని ప్రింట్ తీయండి. ఆమె నంబర్ గడి ఖాళీగా ఉంచండి. ఏవో అంకెలు పడేసి దాటించకండి. ఐటిన్ దరఖాస్తు అయిన డబ్ల్యూ-7 ఫారం నింపి పైన పెట్టండి, రిటర్న్ మీద ఇద్దరూ సంతకం చేయండి, డబ్ల్యూ-2 (జీతం, పట్టుకున్న పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే ఫారం) జతచేయండి. సాఫ్ట్‌వేర్ చూపించే మామూలు 1040 అడ్రస్‌కి పంపితే పొరపాటే. డబ్ల్యూ-7 సూచనల్లో ఉన్న ఆస్టిన్ అడ్రస్‌కే వెళ్లాలి. ఒరిజినల్ పాస్‌పోర్టు పోస్టులో పంపడం ఇష్టం లేకపోతే ఐఆర్‌ఎస్ గుర్తించిన సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గర చూపించి ధ్రువీకరణ తీసుకోవచ్చు. మామూలు నోటరీ కాపీ చెల్లదు. సీజన్లో 9 నుంచి 11 వారాలు పడుతుంది. వచ్చిన ఐటిన్‌ని వరసగా మూడేళ్లు రిటర్న్‌లో వాడకపోతే గడువు తీరిపోతుంది.

కోడ్ ఆర్0000-902-01

ఆ నంబర్‌తో రిటర్న్ ఇప్పటికే అందింది. ఇద్దరిలో ఒకరు ముందే విడిగా వేసేశారేమో అడగండి. అలాగైతే సవరణ ఫారం 1040-ఎక్స్‌తో జాయింట్‌కి మార్చుకోవచ్చు, అసలు గడువు నుంచి మూడేళ్ల టైముంది. జాయింట్‌గా వేశాక విడిగా మారడం మాత్రం గడువు తేదీ దాటితే కుదరదు. ఇద్దరూ వేయకపోతే ఎవరో మీ నంబర్ వాడారన్నమాట. అప్పుడు ఆ దొంగతనం గురించి ఐఆర్‌ఎస్‌కి తెలిపే 14039 ఫారం వేయాలి.

రెండో డబ్ల్యూ-2 ఎక్కించగానే రీఫండ్ అనుమానంగా పెరిగింది

రిజెక్ట్ కాకుండా జారిపోగలదు కాబట్టి అన్నిటికన్నా ప్రమాదం ఇదే. ఇద్దరి డబ్ల్యూ-2లూ ఒకరి పేరు కిందే పడ్డాయేమో చూడండి. సోషల్ సెక్యూరిటీ పన్నుకి 2025లో ఒక్కొక్కరికి పరిమితి 10,918.20 డాలర్లు. భర్త జీతం 1,40,000 మీద 8,680, భార్య జీతం 95,000 మీద 5,890 కట్ అయ్యాయనుకోండి. రెండూ ఒకరివే అనుకుంటే సాఫ్ట్‌వేర్ ఆ 14,570లో 3,651.80 ఎక్కువ కట్టారని తిరిగి ఇచ్చేస్తుంది. షెడ్యూల్ 3లో 11వ లైన్ చూడండి. ఒక్కొక్కరికీ ఒకే కంపెనీ ఉంటే అక్కడ ఏమీ ఉండకూడదు. డబ్ల్యూ-2 పేజీలో అది ఎవరిదని అడిగే చోట పేరు మార్చితే సరిపోతుంది.

రెండో డబ్ల్యూ-2తో రీఫండ్ పోయి బాకీ వచ్చింది

సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఇద్దరూ డబ్ల్యూ-4లో (జీతంలో ఎంత పన్ను పట్టుకోవాలో కంపెనీకి చెప్పే ఫారం) జాయింట్ అని పెట్టి ఊరుకుంటే, స్టాండర్డ్ డిడక్షన్ మొత్తం తమ ఉద్యోగికే అన్నట్టు రెండు కంపెనీలూ తక్కువ పన్ను పట్టుకుంటాయి. జీతాలు దాదాపు సమానమైతే ఇద్దరూ డబ్ల్యూ-4లో స్టెప్ 2(సి) టిక్ చేయాలి. బాగా తేడా ఉంటే ఐఆర్‌ఎస్ సైట్‌లోని విత్‌హోల్డింగ్ ఎస్టిమేటర్‌తో లెక్క వేసుకోండి. ఈ ఏడాది బాకీ ఎలాగూ కట్టాల్సిందే. 1,000 డాలర్ల లోపైతే మాత్రం తక్కువ పట్టించినందుకు వేసే పెనాల్టీ ఉండదు.

ఇండియా ఖాతాల వడ్డీ ఎక్కడ వేయాలో దొరకడం లేదు

బ్యాంకులు ఇచ్చే వడ్డీ ఫారం 1099 రాకపోయినా వడ్డీ పేజీలోనే చేతితో ఎక్కించాలి. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల) ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఉంటుంది. జాయింట్ రిటర్న్ కాబట్టి భార్య పేరున ఊళ్లో ఉన్న ఎఫ్‌డీ వడ్డీ కూడా కలుస్తుంది. విదేశీ ఖాతాల నిల్వలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటినవాళ్లు ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) కూడా వేయాలి. అది ట్యాక్స్ రిటర్న్‌తో పాటు వెళ్లదు, అమెరికా ఆర్థిక శాఖకి చెందిన ఫిన్‌సెన్ సైట్‌లో విడిగా వేసుకోవాలి.