విండోస్ నుంచి లినక్స్‌కు మారేటప్పుడు తొలి ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకోవడం ఎలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపోని పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ను, అంటే దాని రూపాలైన ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ వేసుకుని, పనిలో పనిగా ప్రోగ్రామింగ్ కూడా మొదలుపెట్టాలనుకుంటే మంచి ఆలోచనే. అయితే విండోస్, లినక్స్ రెండు చోట్లా ఒకేలా నడిచే భాషనే ముందు పట్టుకోండి. కొత్త సిస్టమ్‌తోనూ కొత్త భాషతోనూ ఒకేసారి కుస్తీ పడితే తప్పు ఎక్కడుందో తేలదు.

1. అవసరం తేల్చుకోండి

వెబ్ పేజీలు చేయాలంటే జావాస్క్రిప్ట్. దానికి బ్రౌజర్ ఉంటే చాలు. కాలేజీ సిలబస్‌లో సి ఉంటే సి తప్పదు. లెక్కలు, డేటా, ఫైళ్ల సర్దుబాటు కోసమైతే పైథాన్. ఏదీ తేల్చుకోలేకపోయినా పైథానే నా సలహా.

2. పాత సిస్టమ్‌కు ముడిపడినవి వదిలేయండి

ఎక్సెల్ మాక్రోలు రాసే విబిఎతో మొదలుపెట్టకండి. లినక్స్‌లో ఎక్సెల్‌కు బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో అవి కొన్నే నడుస్తాయి.

సి నేర్చుకునేవారు టర్బో సి సంగతి తెలుసుకోవాలి. డాస్ కాలం నాటి ఈ సాఫ్ట్‌వేర్‌తోనే మన దగ్గర ఎందరో విద్యార్థులు సి నేర్చుకున్నారు. పైన కోనియో హెడర్ (conio.h అనే ఫైలును చేర్చుకునే వరుస), మధ్యలో తెర తుడిచే ఆదేశం, చివర మీట నొక్కేదాకా ఆపే ఆదేశం రాయడం అలా అలవాటైంది. ఇవేవీ ప్రామాణిక సిలో లేవు. లినక్స్‌లో సి ప్రోగ్రాములను నడిపేందుకు సిద్ధం చేసే కంపైలర్ జిసిసి ఆ హెడర్ దగ్గరే ఆగిపోతుంది. ఆ మూడు వరుసలూ తీసేసి, మెయిన్ ముందు వాయిడ్‌కు బదులు ఇంట్ రాస్తే చిన్న ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి. అప్పుడు కూడా మొరాయిస్తే, గ్రాఫిక్స్ హెడర్ లాంటిది ఇంకేదైనా మిగిలిందేమో చూడండి.

3. ఇన్‌స్టాల్ చేయకముందే ప్రయత్నించండి

ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. కంట్రోల్, ఆల్ట్, టి మీటలు కలిపి నొక్కితే ఆదేశాలు టైప్ చేసే కిటికీ, అంటే టెర్మినల్ తెరుచుకుంటుంది. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో పైథాన్ (python) అని, ఖాళీ వదలకుండా 3 చేర్చి ఎంటర్ నొక్కండి. మూడు బాణపు గుర్తులు కనిపిస్తే భాష సిద్ధంగా ఉన్నట్టే. అక్కడ len('తెలుగు') అని రాసి 'తెలుగు' అన్న మాట పొడవు అడిగి చూడండి: 6 అని వస్తుంది. మనకు కనిపించేవి మూడు అక్షరాలే అయినా, గుణింతపు గుర్తులను పైథాన్ విడిగా లెక్కిస్తుంది. తెలుగు పాఠంతో పనిచేయాలనుకునేవారు మొదటి రోజే గమనించవలసిన విషయమిది.

4. ఒకే ప్రోగ్రామును రెండు చోట్లా నడపండి

ఎడిటర్‌గా థోనీ వేసుకోండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ఉచిత ఎడిటర్, ప్రోగ్రాము ఒక్కో అడుగు వేస్తుంటే విలువలు ఎలా మారుతున్నాయో పక్కనే చూపిస్తుంది. మార్కుల ఫైలు చదివి సగటు చెప్పే చిన్న ప్రోగ్రాము రాసి, అదే ప్రోగ్రామును విండోస్‌లోనూ నడపండి. తేడా వచ్చేది ఎక్కువగా ఫైలు పేర్ల దగ్గరే. ఇంగ్లిషు పేరులో ఒక అక్షరం పెద్ద అక్షరం (క్యాపిటల్) అయినా లినక్స్‌కు అది వేరే ఫైలు. సి డ్రైవ్‌తో మొదలయ్యే చిరునామా ఇక్కడ పనికిరాదు కనుక, డేటా ఫైలును ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, అక్కడి నుంచే నడపండి.

5. సిస్టమ్ పైథాన్‌ను కదిలించకండి

ఉబుంటు సొంత పనిముట్లు కొన్ని ఆ పైథాన్ మీదే ఆధారపడతాయి. దాన్ని తొలగిస్తే డెస్క్‌టాప్ కూడా దెబ్బతినవచ్చు. అదనపు లైబ్రరీలను (ఇతరులు రాసిపెట్టిన కోడ్‌ను) పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో నేరుగా వేయబోతే ఇప్పటి ఉబుంటు అడ్డుకుంటుంది. బలవంతం చేసే ఆప్షన్ జోలికి పోకుండా, ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలకు వేరే చోటు) పెట్టుకోండి. అది ఒక మామూలు ఫోల్డరే. చెడిపోతే తొలగించి మళ్లీ సృష్టించుకోవచ్చు. అందుకే మీరు రాసిన ప్రోగ్రాములను మాత్రం దాని బయటే ఉంచండి.