పిల్లలతో వంటింట్లో ప్రయోగాలా? స్టవ్ వెలిగించే ముందు ఇవి చూసుకోండి

ఐస్‌క్రీమ్ గడ్డకట్టడం, పాప్‌కార్న్ పేలడం, పంచదార స్ఫటికాలు పెరగడం పిల్లలు కళ్లారా చూస్తే, ఎందుకలా అని వాళ్లే అడుగుతారు. అందుకే ఈ ప్రయోగాలంటే నాకు చాలా ఇష్టం. మొదలుపెట్టే ముందు మాత్రం వేడి దగ్గర పని ఏది, చేతులతో చేసే పని ఏది అని విడదీసుకోండి. మొదటిది పెద్దవాళ్లదే, రెండోది పూర్తిగా పిల్లలకే వదిలేయండి. ఊరికే నిలబెడితే వాళ్ల చెయ్యి వేడి గిన్నె మీదికే పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది పంచదార పాకానికి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పంచదార కరిగి ఎర్రబడేసరికి వేడి 160 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. పైగా అది నీళ్లలా జారిపోదు, చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. చూడటానికేమో తేనెలా మెరుస్తుంది కాబట్టి ఏ పిల్లకైనా వేలు ముంచాలనిపిస్తుంది. మరీ చిన్నపిల్లలుంటే ఈ ప్రయోగం మానేయండి. స్ఫటికాలు పెంచాలనుకుంటే పాకం మీరే కాచి, బాగా చల్లారాక గ్లాసులో పోయండి. దారం వేలాడదీయడం, రోజూ చూసి బొమ్మ గీయడం పిల్లల వంతు.

పాప్‌కార్న్‌కి గాజు మూత పెడితే పేలడం కనిపిస్తుంది. గింజలో ఉన్న తేమ ఆవిరై, సుమారు 180 డిగ్రీల దగ్గర పొట్టును చీల్చుకుని వస్తుంది. మూత తీసేటప్పుడు ఆవిరి పిల్లల మొహం వైపు రాకుండా చూడండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం పాప్‌కార్న్, గింజలు, గట్టి మిఠాయిలు పెట్టొద్దు. గొంతుకు అడ్డం పడతాయి.

చల్లదనం కూడా చర్మాన్ని దెబ్బతీస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఐసులో ఉప్పు కలిపితే చల్లదనం సున్నా కంటే చాలా కిందికి, మైనస్ 21 దాకా పోగలదు. ఐస్‌క్రీమ్ కోసం పాల సంచిని ఐసు, ఉప్పు వేసిన పెద్ద సంచిలో పెడితే, మా పాప దాన్ని ఒట్టి చేతులతో ఊపుతూ కూర్చుంది. సంచి బయట తెల్లగా మంచు పొర కట్టింది. ఐస్‌క్రీమ్ అయిందని తను చేతులు చాపితే అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి సంచికి మందపాటి టవల్ చుట్టందే తన చేతికివ్వను. పాలు పోసే లోపలి సంచి కూడా రెండు పొరలుగా ఉండాలి, లేకపోతే ఉప్పునీళ్లు దిగుతాయి.

వంట సోడాలో నిమ్మరసం గానీ వెనిగర్ గానీ కలిపాక ఆ సీసాకి మూత బిగించొద్దు. గ్యాస్ ఒత్తిడికి సీసా పగలొచ్చు. మైనస్ 78 డిగ్రీలుండే డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) జోలికి అసలు పోవద్దు.

ఇక రుచి చూడటం. ఇది తినొచ్చు, అది తినకూడదు అని ఒకే బల్ల మీద చెబితే చిన్నపిల్లలకు గుర్తుండదు. ఆ రోజు బల్ల మీద పెట్టేవన్నీ తినేవే అయితే టెన్షన్ ఉండదు. పచ్చి గుడ్డు, పచ్చి పిండి కలిసిన ముద్ద మాత్రం నాకనివ్వొద్దు, రెండింటిలోనూ హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా వద్దు. వేరే పిల్లలు కూడా వస్తుంటే వాళ్లకు దేనికైనా అలర్జీ ఉందేమో ఇంట్లోవాళ్లను ముందే అడగండి.

ఎంత చూసుకున్నా చెయ్యి కాలితే వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పారనివ్వండి. ఉంగరం, గాజులు ఉంటే వాపు రాకముందే తీసేయండి. ఐసు, టూత్‌పేస్ట్, వెన్న రాయొద్దు. బొబ్బలు వచ్చినా, మొహం మీద కాలినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.