డాలర్ పని అయిపోయిందని వార్త వస్తే ఏమేం చూసుకోవాలి

"డాలర్ ఆధిపత్యం ముగిసింది", "బ్రిక్స్ (బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా ప్రధానంగా ఉన్న కూటమి) కరెన్సీ వచ్చేసింది" లాంటి ఫార్వర్డ్ వస్తే వెంటనే నమ్మేయకండి, అలాగని నవ్వి వదిలేయకండి కూడా. అభివృద్ధి చెందుతున్న దేశాలు సొంత దారులు వెతుక్కోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. కష్టాల్లో ఉన్న దేశాలకు అప్పులిచ్చే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి)లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, ఒక్క అమెరికా చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నాయి, అంటే మిగతా ప్రపంచమంతా ఒక్క మాట మీద ఉన్నా అమెరికా వద్దంటే పని ఆగిపోతుంది. 140 కోట్ల జనం ఉన్న భారత్‌కు అక్కడున్నది 3 శాతం కూడా లేని ఓటు. దాన్ని కాస్త సరిచేద్దామని 2010లో ఒప్పుకున్న సంస్కరణ కూడా, అమెరికన్ కాంగ్రెస్ ఆమోదం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2016 జనవరిలో గానీ అమల్లోకి రాలేదు. ఇక 2022లో రష్యా సెంట్రల్ బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వల్ని పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, మన డబ్బు ఎవరి గుప్పిట్లో ఉంది అన్న టెన్షన్ చాలా దేశాలకు పట్టుకుంది. ప్రత్యామ్నాయం రావాలని నేనూ గట్టిగా కోరుకుంటాను. అందుకే ఏది నిజంగా వేసిన రోడ్డో, ఏది ఉత్త శంకుస్థాపన ఫలకమో తేల్చుకోవడం ముఖ్యమంటాను.

ముందుగా, అసలు ఆ సంఘటన జరిగిందా లేదా చూడండి. 2024 జూన్‌లో "సౌదీ, అమెరికాల 50 ఏళ్ల పెట్రోడాలర్ ఒప్పందం గడువు ముగిసింది" అని ప్రపంచమంతా తిరిగింది. 1974 జూన్‌లో ఆ రెండు దేశాలు ఆర్థిక సహకారం కోసం ఒక ఉమ్మడి కమిషన్ పెట్టుకున్న మాట నిజమే, కానీ చమురు డాలర్లకే అమ్మాలని, అది 50 ఏళ్ల పాటని రాసుకున్న ఒప్పందమేదీ లేదు, లేనిదానికి గడువు ఎలా ముగుస్తుంది? అదే ఏడాది అక్టోబరులో రష్యాలోని కజాన్‌లో జరిగిన బ్రిక్స్ సమావేశంలో పుతిన్ చేతిలో ఒక నోటు కనిపించేసరికి కొత్త కరెన్సీ అన్నారు. అది నమూనా మాత్రమే. దాన్ని ముద్రించే బ్యాంకూ లేదు, విలువ కట్టే పద్ధతీ లేదు.

సంఘటన నిజమే అయితే, అది ఏ పని గురించో విడదీయండి. సందేశం పంపడం వేరు, ఏ కరెన్సీలో కడుతున్నారన్నది వేరు, అప్పు ఎవరిస్తున్నారన్నది వేరు. బెల్జియంలోని స్విఫ్ట్ డబ్బు పంపదు, బ్యాంకుల మధ్య సందేశాలు మాత్రమే పంపుతుంది. రష్యా 2014లో మొదలుపెట్టిన ఎస్‌పీఎఫ్‌ఎస్ అలాంటిదే. చైనా 2015లో తెచ్చిన సిప్స్ యువాన్ చెల్లింపుల్ని సెటిల్ కూడా చేస్తుంది. స్విఫ్ట్‌కు బదులు ఇంకోటి వచ్చినంత మాత్రాన డాలర్‌కు బదులు ఇంకోటి వచ్చినట్టు కాదు, వార్తల్లో మాత్రం ఈ రెండూ రోజూ కలిసిపోతుంటాయి.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది ఇది: వ్యాపారం అయ్యాక మిగిలిన డబ్బుతో ఏం చేస్తారు? దీనికి జవాబు దొరికితే సగం సంగతి తేలినట్టే. మన రూపాయి ఉదాహరణే తీసుకోండి. 2022 జులైలో ఆర్‌బీఐ విదేశీ వ్యాపారాన్ని రూపాయల్లో చేసుకోవచ్చంది. విదేశీ బ్యాంకు మన బ్యాంకులో ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతా తెరుస్తుంది, మన దిగుమతిదారు అందులో రూపాయలు వేస్తాడు, ఆ రూపాయల్లోంచే మన ఎగుమతిదారుకి డబ్బు అందుతుంది. వినడానికి బాగానే ఉంది, రెండు వైపులా వ్యాపారం సమానంగా ఉంటే నిజంగానే బాగుంటుంది. కానీ 2023-24లో రష్యా నుంచి మన దిగుమతులు సుమారు 6,100 కోట్ల డాలర్లు, అక్కడికి మన ఎగుమతులు 400 కోట్లకు కొంచెం పైన. అన్నీ రూపాయల్లోనే కడితే ఆ తేడా అంతా మన బ్యాంకుల్లోనే కూర్చుంటుంది. ఈ ఇబ్బంది పెద్దగా ఉందని 2023 మే నెలలో గోవాకి వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ బయటకే చెప్పారు: భారత బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పోగుపడ్డాయి, వాటిని వేరే కరెన్సీలోకి మార్చుకుంటే తప్ప వాడుకోలేమన్నారు. మన ప్రభుత్వ బాండ్లలో పెట్టుకునే వీలు ఇచ్చారు, నిజమే. కానీ యుద్ధం చేస్తున్న దేశానికి కావాల్సింది ఎక్కడైనా ఖర్చు పెట్టగలిగే డబ్బు. డాలర్ బలమంతా అక్కడే ఉంది, చేతిలో మిగిలిన డాలర్‌తో ఎవరి దగ్గరైనా ఏదైనా కొనుక్కోవచ్చు, లేదా అమెరికా బాండ్లలో ఎంతైనా పెట్టుకోవచ్చు. కాబట్టి "ఫలానా రెండు దేశాలు సొంత కరెన్సీల్లో వ్యాపారం" అని చదవగానే ఆ రెండింటి వాణిజ్య లోటు ఎంతో వెతకండి.

తర్వాత షరతులు చదవండి. బ్రిక్స్ దేశాలు కష్టకాలంలో ఒకరినొకరు ఆదుకోవడానికి 2014లో 10,000 కోట్ల డాలర్లతో కంటింజెంట్ రిజర్వ్ అరేంజ్‌మెంట్ పెట్టుకున్నాయి. ఐఎంఎఫ్‌కు ప్రత్యామ్నాయమని అప్పట్లో రాశారు. ఒప్పందం తెరిచి చూస్తే, ఒక దేశం తనకున్న పరిమితిలో 30 శాతం మాత్రమే నేరుగా తీసుకోగలదు, మిగతా 70 శాతం కావాలంటే ఐఎంఎఫ్‌తో షరతులున్న రుణ కార్యక్రమం ఉండాలి. అంటే 1,800 కోట్ల డాలర్ల పరిమితి ఉన్న భారత్‌కు ఐఎంఎఫ్ గుమ్మం తొక్కకుండా దొరికేది 540 కోట్లే. నాకైతే ఈ షరతు మార్చకుండా దాన్ని ప్రత్యామ్నాయం అనడం కుదరదనిపిస్తుంది.

అలాగే ఒత్తిడి వచ్చిన రోజు ఆ సంస్థ ఏం చేసిందో చూడండి. షాంఘైలోని న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకును ఐదు బ్రిక్స్ దేశాలు సమాన వాటాలతో పెట్టుకున్నాయి, ఎవరికీ వీటో లేదు, ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన ఏర్పాటు, మొదటి అధ్యక్షుడు మన కె.వి. కామత్. కానీ రష్యా కూడా వ్యవస్థాపక సభ్యదేశమే అయినా 2022 మార్చిలో ఆ బ్యాంకే రష్యాలో కొత్త లావాదేవీలు ఆపేసింది. డాలర్ మార్కెట్లో బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకునే బ్యాంకు ఆంక్షల్ని, రేటింగ్‌ని పట్టించుకోకుండా ఉండలేదు. అప్పులిచ్చే సంస్థ ఎవరిదన్నదాని కంటే దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే పెద్ద ప్రశ్న. 2022-26 మధ్య తన రుణాల్లో 30 శాతం సభ్యదేశాల సొంత కరెన్సీల్లో ఇవ్వాలని ఈ బ్యాంకు పెట్టుకున్న లక్ష్యం అందుకే గమనించదగ్గది. రూపాయల్లో సంపాదించే మెట్రో రైలుకి డాలర్ అప్పు ఉంటే రూపాయి పడినప్పుడల్లా ఆ భారం పెరుగుతూ పోతుంది.

అంకెలు రెండు చాలు. ప్రపంచ దేశాల విదేశీ మారక నిల్వల్లో డాలర్ వాటా ఎంతో ఐఎంఎఫ్ మూడు నెలలకోసారి చెబుతుంది: 2000 ప్రాంతంలో 70 శాతం దాటి ఉన్నది 2024 నాటికి 58 శాతం దగ్గరికి దిగింది, యువాన్ మాత్రం 2 శాతం చుట్టుపక్కలే ఉంది. రెండోది బీఐఎస్ (సెంట్రల్ బ్యాంకులకు బ్యాంకు లాంటి సంస్థ) మూడేళ్లకోసారి చేసే సర్వే, 2022లో కరెన్సీ మార్పిడి లావాదేవీల్లో 88 శాతంలో ఒక వైపు డాలరే ఉంది. నిల్వల్లో తగ్గుతోంది, వాడకంలో తగ్గలేదు, రెండూ నిజమే. డాలర్‌కు బదులు నిల్వగా దాచుకునే బంగారం సంగతి కూడా చూడండి, 2022, 2023, 2024ల్లో సెంట్రల్ బ్యాంకులన్నీ కలిపి ఏటా 1,000 టన్నులకు పైగా కొన్నాయి.

చివరగా, హడావిడి లేకుండా నడుస్తున్నవాటి మీద కన్నేసి ఉంచండి. 2023 ఫిబ్రవరిలో మన యూపీఐని సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ పేనౌతో కలిపారు, యూపీఐ ఐడీ లాంటిది ఉంటే చాలు, అక్కడి నుంచి ఇంటికి డబ్బు పంపొచ్చు. ఆఫ్రికా దేశాల మధ్య చెల్లింపుల కోసం 2022 జనవరిలో మొదలైన పాప్స్ ఇంకా ఆసక్తికరం: కొనేవాడు తన కరెన్సీలో కడతాడు, అమ్మేవాడికి తన కరెన్సీలో అందుతుంది, మధ్యలో అన్ని లెక్కలూ కొట్టేసుకోగా మిగిలిన తేడాని మాత్రమే ఆఫ్రెక్సిమ్ బ్యాంకు (ఆఫ్రికా ఎగుమతి-దిగుమతుల బ్యాంకు) ద్వారా సర్దుతారు. మిగిలిన డబ్బు సమస్యని ఇది పూర్తిగా తీర్చదు, కానీ బాగా చిన్నది చేస్తుంది. ఇలాంటివి చూసేటప్పుడు ఎన్ని సెంట్రల్ బ్యాంకులు సంతకం పెట్టాయన్నది పక్కన పెట్టి, ఎన్ని మామూలు బ్యాంకులు తమ ఖాతాదారులకి ఆ సౌకర్యం నిజంగా ఇస్తున్నాయో, ఛార్జీ ఎంత తీసుకుంటున్నాయో వెతకండి.