ఒకే ఆర్డర్, అయిదు అడ్రస్‌లు: కానుకలు తారుమారు కాకుండా పంపడం ఎలా?

కావలసినవి: ఒక కాగితం, పెన్ను, కంప్యూటర్, డబ్బు కట్టడానికి కార్డు. ఫోన్‌లో కూడా అవుతుంది కదా అంటారు. అవుతుంది, కానీ చేయకండి. ఏ వస్తువు ఎవరి పేరు కింద ఉందో ఒక్క చూపులో కనపడాలి. అరచేతిలో పట్టే తెరమీద అది కనపడదు.

1. ముందు కాగితం. మనిషికో వరుస. పేరు, పూర్తి అడ్రస్, పిన్‌కోడ్, ఫోన్ నంబర్, వస్తువు, మెసేజ్, ఏ తేదీలోపు చేరాలి. ఫోన్ నంబర్ పుచ్చుకునేవాళ్లదే రాయండి. సర్‌ప్రైజ్ పోతుందని మీ నంబర్ ఇచ్చారంటే, ఓటీపీ మీకొస్తుంది, పార్శిల్ వాళ్ల గుమ్మం ముందు ఉంటుంది. మీరేమో మీటింగ్‌లో ఉంటారు.

2. మీరు కొనే ఆన్‌లైన్ షాపులో ఒకే ఆర్డర్‌ని పలు అడ్రస్‌లకి పంపడం కుదురుతుందా? కార్ట్ నింపకముందే చూసుకోండి. మాజెంటో అనే, ఆన్‌లైన్ షాపులు కట్టే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన షాపుల్లో ఒకేసారి పలు అడ్రస్‌లకి పంపే ఏర్పాటు ఉంటుంది, షాపువాళ్లు దాన్ని ఆపేయకపోతే. అక్కడ మీరు ఒక్కసారి డబ్బు కట్టినా, లోపల అడ్రస్‌కో ఆర్డర్ తయారవుతుంది. షాపిఫై అనే అలాంటిదే ఇంకో ఏర్పాటు మీద నడిచేవాటిలో మామూలుగా ఒక ఆర్డర్‌కి ఒకటే అడ్రస్, షాపువాళ్లు వేరే యాప్ పెట్టుకుంటే తప్ప. ఉచిత డెలివరీ పరిమితిని మొత్తం బిల్లు మీద లెక్కేస్తున్నారా, అడ్రస్‌కి విడిగానా అన్నది కూడా ఇప్పుడే చూడండి. చివర్లో చూస్తే అయిదు డెలివరీ చార్జీలు కనపడి గుండె గుభేలుమంటుంది.

3. అడ్రస్‌లన్నీ ముందే సేవ్ చేయండి. చెకౌట్ (అడ్రస్ ఇచ్చి డబ్బు కట్టే పేజీలు) మధ్యలో టైప్ చేస్తూ కూర్చుంటే పేజీ గడువు తీరిపోవచ్చు, మళ్లీ మొదటికి రావాలి.

4. వస్తువుకి మనిషిని జత చేయడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. కొత్తగా పెళ్లయిన జంటకి దుప్పట్ల సెట్టు, రిటైరైన పెద్దాయనకి నడుముకి కాపడం పెట్టుకునే వేడినీళ్ల సంచి పంపాను. రెండూ తారుమారయ్యాయి. "మీ కొత్త జీవితం హాయిగా సాగాలి" అన్న మెసేజ్ చదువుకుని పెద్దాయన ఎంతో సంతోషించి ఫోన్ చేశారు. జంట మాత్రం వారం దాకా మాట్లాడలేదు.

ఎందుకిలా అవుతుంది? చెకౌట్‌లో ప్రతి వస్తువు పక్కనా అడ్రస్ ఎంచుకునే పెట్టె ఉంటుంది. మీరు ముట్టుకోకపోతే అందులో సాధారణంగా మీ సొంత అడ్రసే ఉంటుంది. ఒక్కటి మర్చిపోయారా, ఆ కానుక మీ ఇంటికే వస్తుంది. ఒకే వస్తువు మూడు కొంటే మూడు వరుసలు వస్తాయి, చూడ్డానికి మూడూ ఒకటే.

అందుకని కాగితం మీద మొదటి మనిషిని తీసుకోండి. అడ్రస్ ఎంచుకోండి, మెసేజ్ రాయండి, కాగితం మీద టిక్ పెట్టండి. అప్పుడే రెండో మనిషి. ముందు అడ్రస్‌లన్నీ, తర్వాత మెసేజ్‌లన్నీ అని చేసేవాళ్లున్నారు. తారుమారు అవ్వడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. మెసేజ్ చివర మీ పేరు రాయడం మర్చిపోకండి. పెట్టె మీద షాపు పేరే ఉంటుంది, పంపిందెవరో వాళ్లకెలా తెలుస్తుంది?

ఇంకో గండం: ఇదంతా అయ్యాక వెనక్కి వెళ్లి "ఇంకోటి కలుపుదాం" అనుకోవడం. కార్ట్ మారితే కొన్ని షాపుల్లో మీరు ఎంచుకున్నవన్నీ చెరిగిపోతాయి, పైకి ఏమీ చెప్పదు. వెనక్కి వెళ్లారంటే అన్నీ మళ్లీ చూడాల్సిందే. ఆఖరి పేజీని కింది నుంచి పైకి చదవండి. పైనుంచి చదివితే కళ్లు తమకి తెలిసిందే చూస్తాయి.

ఈ తంటా ఎందుకు, అన్నీ మన ఇంటికి తెప్పించుకుని మనమే పంపితే పోలా అని ఒకరు, విడివిడి ఆర్డర్లు పెడితే సరి అని ఇంకొకరు సలహా ఇస్తారు. మొదటిదానికి రవాణా ఖర్చు రెండుసార్లు. రెండోదానికి ఒకసారికే పనికొచ్చే కూపన్ ఒక్కరి కానుకకే సరి. షాపులో వేరే దారి లేకపోతే విడి ఆర్డర్లు పెట్టండి, సరదాకి మాత్రం వద్దు.

5. డబ్బు కట్టడం. బిల్లింగ్ అడ్రస్ మీదే ఉంచండి. గిఫ్ట్ రసీదు పెట్టె టిక్ చేయండి, ధర కనపడదు. వేరే దేశానికి పంపితే మాత్రం కస్టమ్స్ కాగితంలో విలువ రాయాల్సిందే, దాన్ని దాచలేరు. పన్ను పడితే పుచ్చుకునేవాళ్లని కట్టమనకుండా, ముందే మీరు కట్టే వీలుందేమో చూడండి.

పార్శిల్‌కో ట్రాకింగ్ నంబర్ వస్తుంది, అదే కాగితం మీద ఎక్కించండి. అన్నీ ఒకే రోజు చేరవు, టెన్షన్ పడకండి. ఒక అడ్రస్ తప్పని తెలిస్తే ఆర్డరంతా రద్దు చేయకండి, ఆ ఒక్క పార్శిల్ బయల్దేరకముందే షాపుకి ఫోన్ చేయండి. వాపసు గడువు తీరేదాకా కాగితం పారేయొద్దు. సైజు సరిపోలేదని ఫోన్ చేసేవాళ్లు ఆర్డర్ నంబర్ మిమ్మల్నే అడుగుతారు.