విమాన విన్యాసాల పోటీలో వాలంటీరు పని – 3వ పాఠం: రికార్డరు, జారిపోయిన వరస

రికార్డరు అంటే జడ్జి చెప్పే మార్కును పత్రంలో ఆ ఫిగర్ (విన్యాసం) గడిలో రాసేవారు. పోయినసారి ఇచ్చిన అభ్యాసంలో చాలామంది మార్కులు సరిగానే విన్నారు, గడి మాత్రం తప్పారు. అందుకే సరిహద్దు జడ్జి సంగతి వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పైలట్ నంబరు, కేటగిరీ, జడ్జి పేరు ముందే నింపుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

వరస జారేది ఇక్కడే. కాలర్, అంటే రాబోయే ఫిగర్‌ను జడ్జికి చదివి వినిపించేవాడు, ఎప్పుడూ ఒక ఫిగర్ ముందుంటాడు. విమానం ఐదో ఫిగర్ ముగిస్తుండగా అతను ఆరోది చదువుతుంటాడు. సరిగ్గా అప్పుడే జడ్జి ఐదోదాని మార్కు చెబుతాడు. మీ చెవిలో తాజాగా ఉన్నది "ఆరు", చెయ్యి ఆరో వరసలోకి పోతుంది. కాలర్ చెప్పే నంబరు జడ్జి కోసం, మీ కోసం కాదు. మీరు పట్టుకోవలసింది జడ్జి నోటి నంబరునే. "ఐదు: తొమ్మిదిన్నర" అని నంబరుతో కలిపి చెప్పమని పోటీకి ముందే అడగండి. మరిచిపోతే "ఎన్నోది?" అని ఒక్క మాట, అంతే. తల మాత్రం పైకెత్తకండి. విమానాన్ని చూస్తూ రాసేవాళ్లు ఈ పనికి పనికిరారు.

జడ్జి నాలుగో ఫిగర్ చూడలేకపోయాడనుకుందాం. ఆ గడి ఖాళీగా ఉందని ఐదోదాని 9.5 అక్కడ వేశారు. ఆరోదాని 6.0 ఐదో గడిలోకి ఎక్కింది. ఐదోదాని కె-విలువ (కష్టాన్నిబట్టి మార్కును గుణించే సంఖ్య) 18 అయితే రావలసినవి 171, వచ్చినవి 108. ఒక్క గడిలోనే 63 పోయాయి, ఆ కింది వరసలన్నీ అలాగే జారాయి. చూడని ఫిగర్‌కు సగటు గుర్తు (మిగతా జడ్జీల మార్కుల సగటు తీసుకోమనేది) వేయాలా అన్నది జడ్జి నిర్ణయం. గడి ఖాళీగా వదిలి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి కిందికి దిగండి.

వరస కింద మడిచిన కాగితం జరుపుకుంటూ పోవడం నా పద్ధతి. ప్లాస్టిక్ స్కేలు ఎండకు మెరుస్తుంది, నాకు నచ్చదు. పెన్సిల్ అసలే వద్దు.

జడ్జి "ఒకటి... అర..." అని గొణిగేవి మార్కుల కోతలు. సరైన కోణం నుంచి 5 డిగ్రీల తేడాకు 1 మార్కు చొప్పున లెక్క వేసుకుంటున్నాడు. చివరి అంకె వచ్చేదాకా ఆగండి. "8.5" అని చుక్కతో రాయండి. మామూలు సున్నా 0.0, పూర్తి రోల్ (విమానం తన పొడవు చుట్టూ ఒక చుట్టు పొర్లడం) చేయాల్సినచోట సగమే చేస్తే పడేది హార్డ్ జీరో. దాని గుర్తు వేరు, కారణం కూడా రాయాలి. దిద్దాల్సి వస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన రాయండి, జడ్జి పొట్టి సంతకం తీసుకోండి. అంకె మీద అంకె దిద్దవద్దు.

అభ్యాసం: ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు పది ఫిగర్లు వరసగా చదవాలి. రెండోవారు ఒక ఫిగర్ వెనకగా మార్కులు చెప్పాలి, రెండుచోట్ల నంబరు మింగేయాలి, ఒకచోట అసలు మార్కే చెప్పకూడదు. రెండు గొంతులూ ఒకేసారి పలకాలి. వరసగా మూడు పత్రాలు తప్పులేకుండా వచ్చేదాకా చేయండి. రెండు బాగా వచ్చి మూడోది తప్పితే మళ్లీ మొదటి నుంచి.