నీళ్లలో వెల్డింగ్: లోతు మారితే రాడ్డును మళ్లీ పరీక్షించాల్సిందే

గట్టు మీద చెయ్యి తిరిగిన వెల్డర్ నీళ్లలోకి దిగేటప్పుడు తరచుగా చేసే పొరపాటు 7018 రాడ్డు (తక్కువ హైడ్రోజన్ ఉండే వెల్డింగ్ రాడ్డు) పట్టుకెళ్లడం. పైన దానికి తిరుగులేదు, నిజమే. వెల్డ్‌ను చీల్చే హైడ్రోజన్ చేరకూడదనే కదా ఓవెన్‌లో పెట్టి మరీ వాడతాం. కానీ నీళ్లలో ఆర్క్ వేడికి చుట్టూ ఉన్న నీరే విడిపోతుంది, ఆర్క్ చుట్టూ కట్టే బుడగలో ఎక్కువ భాగం హైడ్రోజనే, ఇక రాడ్డును ఎంత ఆరబెట్టి ఏం లాభం? పైగా ఆర్క్ నిలకడగా ఉండదు, బీడ్‌లో, అంటే కరిగి గడ్డకట్టిన వెల్డ్ గీతలో, గాలి రంధ్రాలు పడతాయి. మామూలు మైల్డ్ స్టీల్ అయితే 6013 లాంటి రూటైల్ (టైటానియం ఆక్సైడ్ పూత ఉన్న) రాడ్డుతో మొదలుపెట్టండి, 3.2 లేదా 4 మి.మీ. సైజు చాలు.

రాడ్డు మీద నీరు చొరబడని వార్నిష్ పూత తప్పనిసరి. దిగేముందు ఒక్కో రాడ్డునూ బొటనవేలితో తడిమి చూడండి. ఎక్కడైనా పగులు తగిలితే పక్కన పడేయండి, ఎందుకంటే లోపలికి దిగిన నీరు ఆర్క్ పడగానే ఆవిరై ఫ్లక్స్‌ను (వార్నిష్ కింద ఉండే మందు పూతను) పెచ్చులుగా ఊడగొడుతుంది.

ఇక లోతు. ప్రతి 10 మీటర్లకూ దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అంటే 20 మీటర్ల దగ్గర పైనున్న దానికి మూడింతలు. ఆ ఒత్తిడికి ఆర్క్ బిగుసుకుపోయి సన్నబడుతుంది, కరిగిన లోహంలోంచి గ్యాస్ బయటపడేలోపే బీడ్ గడ్డకడుతుంది, రంధ్రాలు మిగిలిపోతాయి. కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది: లోతు పెరిగేకొద్దీ వెల్డ్‌లో మాంగనీస్ తగ్గి, కార్బన్, ఆక్సిజన్ పెరుగుతాయి. బీడ్ పైకి నున్నగానే కనిపిస్తుంది, బలం మాత్రం తగ్గి ఉంటుంది. అందుకే 5 మీటర్ల దగ్గర బాగా పనిచేసిన రాడ్డును 20 మీటర్లకు గుడ్డిగా నమ్మకండి.

ప్లేటు సంగతీ తెలుసుకోండి. కార్బన్ 0.20, మాంగనీస్ 1.2 శాతం ఉన్న స్టీల్ తీసుకుందాం. మాంగనీస్‌ను 6తో భాగించి కార్బన్‌కు కలిపితే 0.40. స్టీల్ ఎంత తేలిగ్గా పెళుసెక్కుతుందో చెప్పే ఈ లెక్కలో అదే హద్దు. మిగతా లోహాలు కొద్దిగా ఉన్నా అది దాటిపోతుంది. ఆ పైన ఉన్న స్టీల్‌ను నీరు ఠక్కున చల్లార్చేస్తుంది కాబట్టి వెల్డ్ పక్కన లోహం గాజులా పెళుసెక్కి, హైడ్రోజన్ వల్ల చీలుతుంది. అలాంటప్పుడు కొందరు నికెల్ రాడ్డు వాడతారు, పగుళ్లకు అది మంచిదే, కానీ లోతుకు తట్టుకోలేదు, రంధ్రాలు ఎక్కువవుతాయి. నా మటుకు రూటైల్‌తోనే టెంపర్ బీడ్ వేయడం మేలు, అంటే మొదటి బీడ్ అంచు మీద వెంటనే రెండోది వేసి ఆ వేడితో గట్టిదనాన్ని తగ్గించడం.

విశాఖ లాంటి రేవులో జెట్టీ పైల్‌కు (జెట్టీని మోసే స్టీల్ స్తంభానికి) ప్యాచ్ వేయాలనుకోండి. గుల్లలు, నాచు, తుప్పు గీకి మెరిసే లోహం వచ్చేదాకా శుభ్రం చేయండి. డీసీ కరెంటే వాడండి, ఏసీ ప్రాణాంతకం. మామూలుగా రాడ్డు నెగటివ్‌కు పెట్టి, పైన వాడే ఆంపియర్ల కంటే 10 శాతం దాకా పెంచి మొదలుపెట్టండి. రాడ్డును ప్లేటుకు ఆనించి లాగుతూ పోవాలి. రాడ్డు మార్చే ప్రతిసారీ పైనున్న మనిషికి చెప్పి స్విచ్ తీయించండి, ఒక్కసారి కూడా మినహాయింపు వద్దు. ఎర్త్ క్లాంపుకూ రాడ్డుకూ మధ్యలో మీ ఒళ్లు ఉండకూడదు. మూసుకుపోయిన చోట గ్యాస్ చేరితే పేలుతుంది, ముందే దారి చేయండి. డైవింగ్ శిక్షణ లేనివాళ్లు అసలు దిగొద్దు.

అసలు పనికి ముందు అదే స్టీల్ ముక్కను అదే లోతుకు దించి, అదే రాడ్డుతో ఒక ఫిల్లెట్ (రెండు ప్లేట్లు మూలగా కలిసే చోట వేసే వెల్డ్) వేయండి. పైకి తెచ్చి సుత్తితో విరగ్గొట్టండి. విరిగిన చోట తేనెపట్టులా కనిపిస్తే రాడ్డు గానీ, కరెంటు గానీ మార్చి మళ్లీ దించండి.